నాన్న కాఫీ ఇచ్చిన బెయిలిఫ్

మా నాన్న ఇంటికొచ్చిన మనిషిని గుమ్మంలో నిలబెట్టి మాట్లాడరు. పోస్టుమాన్ అయినా, గ్యాస్ బండ తెచ్చిన కుర్రాడైనా ముందు లోపలికి రమ్మంటారు, కూర్చోమంటారు, మంచినీళ్లిస్తారు. డెబ్బై ఒక్క ఏళ్ల అలవాటు. ఆరు నెలల విజిటర్ వీసా మీద ఇంగ్లండ్ వచ్చినంత మాత్రాన పోతుందా? 2024 ఫిబ్రవరిలో ఒక మంగళవారం పొద్దున తలుపు కొట్టినాయన్ని కూడా అలాగే లోపలికి పిలిచి, సోఫాలో కూర్చోబెట్టి, ఫిల్టర్ కాఫీ కలిపిచ్చారు. ఆ వచ్చినాయన బెయిలిఫ్, అంటే బాకీ వసూలుకి సామాను జప్తు చేసే మనిషి.

ఆ టైముకి నేను కేర్ హోమ్‌లో షిఫ్టులో ఉన్నాను. పిల్లాడు స్కూల్లో ఉన్నాడు. మూడున్నరకి వాణ్ని తీసుకుని ఇంటికొచ్చేసరికి నాన్న మంచి హుషారుగా ఉన్నారు.

"కౌన్సిల్ నుంచి ఒకాయన వచ్చాడమ్మా. చాలా మర్యాదస్తుడు. ఇంట్లో సామానంతా రాసుకుని వెళ్లాడు."

నాన్న రిటైర్డ్ స్కూలు మాస్టారు. సర్వీసులో ఉండగా సెన్సస్ డ్యూటీకి ఇల్లిల్లూ తిరిగిన మనిషి. చేతిలో ట్యాబు, మెళ్లో ఐడీ కార్డు, ఛాతీ మీద చిన్న కెమెరా పెట్టుకుని వచ్చినవాణ్ని చూసి, ఇక్కడి జనాభా లెక్కల వాడనుకున్నారు. "మేం వెళ్తే ఎవరూ మంచినీళ్లు కూడా ఇచ్చేవాళ్లు కాదు, పాపం" అని జాలిపడి, తనకొచ్చిన ఇంగ్లీషులో అడిగినవన్నీ చెప్పారు. కారుందా అంటే ఫోన్‌లో ఫోటో చూపించారు, నంబర్ ప్లేటు కనిపించేలా.

డైనింగ్ టేబుల్ మీద రెండు కాగితాలున్నాయి. మొదటిది వస్తువుల చిట్టా. టీవీ, మూడు సీట్ల సోఫా, లాప్‌టాప్, కుట్టు మిషన్, ఓవర్‌లాక్ మిషన్, కారు, వెండి క్యాండిల్ స్టాండ్లు రెండు. మా ఇంట్లో వెండి క్యాండిల్ స్టాండ్లేంటి అని ఒక నిమిషం ఆలోచించాను. దేవుడి అరలో దీపారాధన కుందులు! అవి జర్మన్ సిల్వర్‌వి, మా అమ్మ ఎవరి గృహప్రవేశంలోనో రిటర్న్ గిఫ్టుగా వస్తే నాకిచ్చింది. చిట్టా కింద సంతకం చోట నాన్న గుండ్రటి తెలుగు అక్షరాలు, ఇంటిపేరుతో సహా. పక్కన తేదీ వేసి, కింద అడ్డగీత కూడా గీశారు, ప్రోగ్రెస్ కార్డు మీద పెట్టినట్టు.

రెండో కాగితం లెక్క. మొత్తం 2,155 పౌండ్లు.

ఇక్కడ నా సంగతి చెప్పాలి. ఆ మనిషి మా ఇంటికి ఊరికే రాలేదు. మా వంటింట్లో స్టవ్ పక్కన ఒక డ్రాయర్ ఉంది. అందులో టేక్ అవే మెనూలు, పాత బ్యాటరీలు, వాటి కింద పదకొండు కవర్లు. నాలుగు తెరిచినవి, ఏడు తెరవనివి. కిటికీ ఉన్న తెల్ల కవరు చూస్తేనే నాకు కడుపులో తిప్పేది. తీసి అందులో పడేస్తే ఆ రోజుకి అయిపోయేది. 2022-23 కౌన్సిల్ ట్యాక్స్‌లో చివరి వాయిదాలు తప్పాను. ఇక్కడి మునిసిపాలిటీకి కట్టే ఇంటి పన్ను లాంటిది అది. ఆ తర్వాతి ఏడాది నాలుగు నెలలు కట్టాను. ఆగస్టులో అత్తయ్యగారి ఆరోగ్యం బాగోక మావారు ఇండియా వెళ్లి, అక్కడే ఉద్యోగం చూసుకుని ఉండిపోయారు. అద్దె, కారు వాయిదా, పిల్లాడు, అన్నీ ఒక జీతం మీద పడ్డాయి. కౌన్సిల్ ట్యాక్స్ ఒక్కటే నోరు తెరిచి అడగని ఖర్చులా అనిపించింది. ఉత్తరాల్లో అడుగుతూనే ఉంది, నేనే చదవలేదు.

ఇక్కడ ఒక వాయిదా తప్పితే ముందు రిమైండర్ వస్తుంది. అప్పటికీ కట్టకపోతే వాయిదాల హక్కు పోయి, ఏడాది బాకీ మొత్తం ఒకేసారి కట్టమంటారు. తర్వాత మేజిస్ట్రేట్ కోర్టు సమన్లు, ఆ ఖర్చులూ మనవే. కోర్టులో కౌన్సిల్‌కి లయబిలిటీ ఆర్డర్ వస్తుంది, అంటే ఆ బాకీ వసూలు చేసుకోవచ్చన్న ఉత్తర్వు. దాంతో ఫైలు బెయిలిఫ్ కంపెనీకి పోతుంది. నాకు రెండేళ్లకి రెండు ఆర్డర్లు పడ్డాయి, ఒకటి 438 పౌండ్లు, ఇంకొకటి 987. రెండూ కలిపి 1,425. మిగతా 730 పౌండ్లు ఫీజులు. అంటే బాకీలో సగానికి పైగా.

ఆ రాత్రి నిద్ర లేదు. మర్నాడు బ్రేక్‌లో బెయిలిఫ్‌కి ఫోన్ చేశాను, ఆలోచించకుండా చేసిన ఇంకో తప్పు అది. రెండు రోజుల్లో సగం కట్టకపోతే వ్యాను తెస్తానన్నాడు. ఇంట్లోవాళ్లు సంతకం చేశారు కాబట్టి ఈసారి తలుపు తియ్యకపోయినా తాళం తీయించి లోపలికి రావచ్చన్నాడు. గొంతు మాత్రం చాలా మెత్తగా ఉంది, నాన్న చెప్పినట్టే మర్యాదస్తుడు. "మీ నాన్నగారి కాఫీ బావుంది" అని కూడా అన్నాడు. ఆ మాటకి నాకు ఏడుపొచ్చింది.

డబ్బు కోసం మా తెలుగు వాళ్ల వాట్సాప్ గ్రూపులో ఇద్దరిని అడుగుదామనుకున్నాను. టైపు చేసి చెరిపేశాను. ఆ గ్రూపులో సగం మంది నా దగ్గర బ్లౌజులు కుట్టించుకునేవాళ్లే. చివరికి కేర్ హోమ్‌లో నాతో పనిచేసే ఒకావిడ, అప్పులకి సలహా చెప్పే నేషనల్ డెట్‌లైన్ నంబరిచ్చింది. డబ్బు తీసుకోరు, తిట్టరు, చెయ్యి అంది. తిట్టరు అన్న మాట నాకు ఎక్కువ నచ్చింది.

ఫోనెత్తినాయన మొదట అడిగింది ఒకటే: "సంతకం పెట్టింది ఎవరు?"

మా నాన్న అన్నాను.

"అప్పులో ఆయన పేరుందా? మీ తరఫున సంతకం పెట్టమని మీరు ఆయనకి చెప్పారా?"

రెండిటికీ లేదన్నాను. అయితే ఆ కాగితం చెల్లదు అన్నాడాయన. నేను మళ్లీ చెప్పించుకున్నాను.

ఆ కాగితాన్ని కంట్రోల్డ్ గూడ్స్ అగ్రిమెంట్ అంటారు. వస్తువులు పేరుకి జప్తులో ఉంటాయి కాని ఇంట్లోనే ఉంటాయి, మనం వాయిదాలు కడుతుంటాం. కట్టడం మానేస్తే నోటీసిచ్చి, అవసరమైతే తాళం తీయించి మరీ లోపలికి రావచ్చు. నన్ను భయపెట్టింది ఆ అధికారమే. కాని ఇళ్ల విషయంలో ఆ సంతకం బాకీదారు పెట్టాలి, లేదా బాకీదారు ఒప్పుకుని అప్పగించిన పదహారేళ్లు దాటిన మనిషి పెట్టాలి. ఇంట్లో కనిపించిన చుట్టం పెడితే సరిపోదు. అది లేనప్పుడు, కౌన్సిల్ ట్యాక్స్ బాకీకి బెయిలిఫ్ తలుపు బద్దలుకొట్టి రాలేడు. తలుపు తీసి ఉంటేనో, మనం రమ్మంటేనో రావాలి. కిటికీలోంచి దూరడం, గోడ దూకడం కుదరదు. పొద్దున ఆరు నుంచి రాత్రి తొమ్మిది లోపే రావాలి. కోర్టు వేసిన క్రిమినల్ జరిమానాలైతే వేరు, వాటికి తలుపు తెరిపించే అధికారం ఉంది. ఇదంతా ఇంగ్లండ్, వేల్స్ సంగతి. స్కాట్లండ్‌లో చట్టమూ వేరు, వచ్చే మనుషుల పేరూ వేరు, అక్కడ షెరిఫ్ ఆఫీసర్లంటారు.

2014 నుంచి ఇక్కడ చట్టంలో బెయిలిఫ్ అనే మాట పోయి ఎన్‌ఫోర్స్‌మెంట్ ఏజెంట్ అయింది. కౌంటీ కోర్టు సర్టిఫికెట్ ఉండాలి, ఆ పేర్ల రిజిస్టర్ ఆన్‌లైన్‌లో ఎవరైనా వెతుక్కోవచ్చు. మా దగ్గరికొచ్చినాయన పేరు అందులో ఉంది. ఆయన దొంగ కాదు, తన పనికొచ్చిన మనిషే. నా ఫిర్యాదు ఆయన వచ్చినందుకు కాదు. డెబ్బై దాటిన, ఇంగ్లీషు అంతంత మాత్రం వచ్చిన మనిషి ఒక్కడే ఇంట్లో ఉంటే, నేనెప్పుడొస్తానో కనుక్కుని వెనక్కి వెళ్లాల్సింది. నిస్సహాయ స్థితిలో ఉన్న మనిషి ఒక్కరే ఉన్నప్పుడు వస్తువులు జప్తు చెయ్యకూడదని నిబంధనల్లో ఉంది, పదహారేళ్ల లోపు పిల్లలు మాత్రమే ఉన్నప్పుడు కూడా అంతే. అలాంటి మనుషులు ఎవరెవరో ప్రభుత్వం ఇచ్చిన నేషనల్ స్టాండర్డ్స్‌లో చెబుతూ వృద్ధుల్ని, ఇంగ్లీషు అర్థం చేసుకోవడంలో ఇబ్బంది ఉన్నవాళ్లని కూడా చేర్చారు. మా నాన్న రెండు లెక్కల్లోనూ వస్తారు. ఈ మాట ఆయనకి చెబితే మాత్రం నొచ్చుకున్నారు. "ముప్ఫై నాలుగేళ్లు పాఠాలు చెప్పాను, నేను నిస్సహాయుణ్నా?" అన్నారు.

ఆయన అసలు బాధ వేరే. ఆ మనిషి ఎందుకొచ్చాడో బుధవారం రాత్రి చెప్పాక అన్నం సగంలో లేచి వెళ్లిపోయారు. తర్వాత చాలాసేపటికి, కుందులు తుడుస్తూ, నా వైపు చూడకుండా చెప్పారు.

"మా తాతగారింటికి కోర్టు జప్తుకి అమీనా వచ్చాడమ్మా, నేను రెండో క్లాసులో ఉండగా. వీధంతా నిలబడి చూశారు. గంగాళం, గోడ గడియారం పట్టుకుపోయారు. కాడెద్దుల జోలికి మాత్రం వెళ్లలేదు. విత్తనాల గాదె ముట్టుకోలేదు. వంటగిన్నెలు, మా నాయనమ్మ పుస్తెలు ముట్టుకోకూడదని అతనే చెప్పాడు. పొద్దుగూకాక గడప తొక్కకూడదట అమీనా. చీకటి పడేలోపు వెళ్లిపోవాలని హడావిడి పడ్డాడు."

నాకు ఈ కథ ఎప్పుడూ చెప్పలేదు. అమ్మకి కూడా తెలీదు. తర్వాత చూస్తే మన సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్‌లో ఇవన్నీ ఉన్నాయి: కట్టుబట్టలు, వంటపాత్రలు, మంచం పరుపులు, ఆచారం ప్రకారం ఆడవాళ్లు తియ్యకూడని నగలు, చేతిపనివాళ్ల పనిముట్లు, రైతు పశువులు, విత్తనాలు. ఆ రోజుల్లో అమీనా చట్టం తెలిసి వదిలాడో, పాపభయంతో వదిలాడో గాని, మొత్తానికి వదిలాడు.

ఇంగ్లండ్‌లోనూ అలాంటి జాబితా ఉంది. బట్టలు, మంచాలు, పక్క బట్టలు, ఇంట్లో అందరూ కూర్చుని తినేందుకు సరిపడా టేబులు కుర్చీలు, పొయ్యి లేదా మైక్రోవేవ్, ఫ్రిజ్, వాషింగ్ మెషిన్, ల్యాండ్‌లైన్ లేకపోతే ఒక మొబైల్ ఫోను, మందులు, పిల్లలకి కావాల్సినవి, పెంపుడు జంతువులు. టీవీ ఇందులో లేదు, సోఫా కూడా లేదు. నాన్న జాబితా అంతా విని అడిగిన మొదటి ప్రశ్న, "మరి గ్రైండరో?" గ్రైండర్ పేరు ఎక్కడా లేదు. అయితే అందులో చెప్పినవి ఉదాహరణలేనని, ఇంటి కనీస అవసరాలకి కావాల్సినవన్నీ వస్తాయని ఉంది. ఇడ్లీ పిండి కనీస అవసరమని ఇంగ్లండ్ కోర్టులో వాదించే అవకాశం నాకు రాలేదు. వచ్చుంటే నాన్నే సాక్షి చెప్పేవారు.

నాకు ముఖ్యమైంది ఇంకోటి. మనం పనికి, వ్యాపారానికి, చదువుకి స్వయంగా వాడుకునే సామాను మొత్తం విలువ 1,350 పౌండ్ల దాకా ముట్టుకోకూడదు. సాయంత్రాలు, సెలవురోజుల్లో నేను బ్లౌజులు, పిల్లల లంగాలు కుడతాను. ఏటా ట్యాక్స్ రిటర్న్‌లో ఆ ఆదాయం చూపిస్తాను. కుట్టు మిషన్ సెకండ్ హ్యాండ్, 280 పౌండ్లకి కొన్నాను. ఓవర్‌లాక్ 190. లెక్కలు రాసుకునే పాత లాప్‌టాప్‌కి ఇప్పుడు 150 కూడా రాదు. అన్నీ కలిపినా 620. ఓవర్‌లాక్ కొన్న రసీదు దొరికింది. మిషన్‌కి రసీదు లేదు, అమ్మినావిడతో నడిచిన మెసేజీలు, బ్యాంకు ట్రాన్స్‌ఫర్ స్క్రీన్‌షాట్ ఉన్నాయి. అవే ప్రింటు తీశాను. నెలనెలా కుట్టిన ఆర్డర్ల నోటుబుక్కులో మూడు పేజీలు ఫోటో తీసి జతచేశాను. వస్తువు నాకు జీవనాధారం అని నేను అంటే సరిపోదు, చూపించాలి.

కారు ఫైనాన్స్ మీద ఉంది. హైర్ పర్చేజ్‌లో ఆఖరి వాయిదా కట్టేదాకా కారు మనది కాదు, ఫైనాన్స్ కంపెనీది. ఆ అగ్రిమెంట్ కాపీ పెట్టాను. కారు నాన్న చూపించిన ఫోటోలోనే తప్ప బెయిలిఫ్ వచ్చినప్పుడు ఇంటి దగ్గర లేదు కూడా. అయినా ఆ నెలంతా నేను రెండు వీధుల అవతల, తెలిసినవాళ్ల ఇంటి ఆవరణలో పెట్టి నడిచొచ్చాను. రోడ్డు మీద కారు కనిపిస్తే ముందు చక్రానికి క్లాంప్ వేస్తారు, తర్వాతే కాగితాలు చూస్తారు అని విన్నాను. వానలో రాత్రి తొమ్మిదింటికి షిఫ్టు దిగి ఆ నడక... సరే, వదిలేద్దాం.

ఇక ఫీజులు. నా దృష్టిలో అసలు కథ ఇదే, అందరూ చదవకుండా కట్టేసేదీ ఇదే. నా కాగితంలో ఇలా ఉంది: కంప్లయన్స్ ఫీజు 75 పౌండ్లు, రెండుసార్లు. ఎన్‌ఫోర్స్‌మెంట్ ఫీజు 235, రెండుసార్లు. సేల్ స్టేజ్ ఫీజు 110. మొత్తం 730.

ఆ ఫీజులు బెయిలిఫ్ ఇష్టం వచ్చినట్టు వేసేవి కావు. 2014లో చట్టం ఖాయం చేసిన మొత్తాలు అవి, 2024లో నా కేసు నాటికి అవే నడుస్తున్నాయి, ఇక్కడ చెప్పేవీ అప్పటి మొత్తాలే. ఫైలు కంపెనీకి చేరి నోటీసు పంపగానే 75 పడుతుంది. నోటీసిచ్చాక కనీసం ఏడు పూర్తి రోజులు ఆగాలి, ఆదివారాలు, బ్యాంకు సెలవులు లెక్కలోకి రావు. ఆ లోపు మాట్లాడుకుంటే 75తో పోతుంది. మనిషి గుమ్మం దాకా వచ్చాడంటే 235, బాకీ 1,500 దాటితే ఆ పైదాని మీద ఇంకో ఏడున్నర శాతం. వస్తువుల్ని అమ్మకానికి తరలించడం మొదలైతే 110. పెట్రోలు, వెయిటింగ్, ఉత్తరం ఖర్చు అని విడిగా వేసే పాత పద్ధతి పోయింది.

ఉచితంగా సలహా చెప్పే సిటిజన్స్ అడ్వైస్ ఆఫీసులో ఒక పెద్దావిడ నా కాగితం మీద పెన్సిల్‌తో గీతలు గీసింది. 75, 75 దగ్గర టిక్కు పెట్టింది. రెండు ఆర్డర్లకి రెండు నోటీసులు, అవి వెయ్యొచ్చు. మొదటి 235కి టిక్కు. రెండో 235 చుట్టూ సున్నా చుట్టింది. ఒకే మనిషి మీద ఒకే కంపెనీ చేతిలో రెండు ఆర్డర్లుండి, రెండింటికీ ఒకేసారి రాగలిగినప్పుడు ఎన్‌ఫోర్స్‌మెంట్ ఫీజు ఒకటే వెయ్యాలి. ఆయన రెండుసార్లు రాలేదుగా, రెండు కాఫీలు తాగలేదుగా అన్నాను. ఆవిడ నవ్వి, 110 మీద అడ్డంగా కొట్టేసింది. వ్యాను రాలేదు, ఏ వస్తువూ గుమ్మం దాటలేదు, ఇక అమ్మకం దశ ఎక్కడిది?

నేను మొదటి 235 కూడా తీసేయించొచ్చా అని అడిగాను. నేను డ్రాయర్‌లోంచి తెచ్చిన కవర్లలో ఒకటి ఆవిడ చించి ముందు పెట్టింది. నోటీసు. జనవరి తేదీతో ఉంది. గడువు సరిగ్గానే ఇచ్చారు. మాట్లాడలేకపోయాను.

ఇంకో రెండు మాటలు కూడా ఆవిడే చెప్పింది. ఒకటి, లయబిలిటీ ఆర్డర్ అంటే సీసీజే (కౌంటీ కోర్టు తీర్పు) కాదు, క్రెడిట్ రికార్డులోకి ఎక్కదు. నేను మూడు రాత్రులు దాని గురించే టెన్షన్ పడ్డాను. రెండోది నేను కలలో కూడా ఊహించనిది. "ఆగస్టు నుంచి ఇంట్లో పెద్దవాళ్లు మీరొక్కరేనా? మరి సింగిల్ పర్సన్ డిస్కౌంట్ ఎందుకు అడగలేదు?" ఇంట్లో లెక్కకొచ్చే పెద్ద మనిషి ఒక్కరే ఉంటే కౌన్సిల్ ట్యాక్స్‌లో 25 శాతం తగ్గుతుంది. నాన్న చూడటానికొచ్చిన మనిషి, ఆయన సొంతిల్లు ఇండియాలో ఉంది కాబట్టి లెక్కలోకి రారు. ఏడాదికి నా బిల్లు 1,512. ఎనిమిది నెలలకి 252 పౌండ్లు నేను కట్టక్కర్లేని డబ్బు. దాని కోసం బెయిలిఫ్ వచ్చాడు.

అరవై రోజులు ఎవరూ వెంటపడకుండా ఆపే బ్రీతింగ్ స్పేస్ అనే పథకం కూడా ఉందంది. 2021లో మొదలైంది, డెట్ అడ్వైజర్ ద్వారానే అడగాలి. ఫిర్యాదు పెండింగులో ఉండగా కంపెనీ ఫైలు ఆపితే అది అవసరం రాదని, ఆపకపోతే అప్పుడు చూద్దామని చెప్పింది.

ఉత్తరం ఆదివారం రాశాను. ఆవేశంగా రాసిన మొదటి కాపీ రెండు పేజీలొచ్చింది, అందులో కాఫీ ప్రస్తావన మూడుసార్లుంది. నాన్న ఎర్ర పెన్ను తీసుకున్నారు. "వాక్యానికి ఒక విషయం. తేదీ రాయి. ఏం కావాలో అడుగు. తిట్టకు." ఇంగ్లీషు నాది, దిద్దుబాటు ఆయనది. రెండు పేజీలు ముప్పావు పేజీ అయింది. చివరికి మిగిలింది ఇది: సంతకం పెట్టింది బాకీదారు కాదు, అధికారం ఇచ్చిన మనిషీ కాదు. ఆయన వయసు ఇది, భాష ఇది, ఒంటరిగా ఉన్నారు. కెమెరా రికార్డింగ్ భద్రపరచండి, కాపీ ఇవ్వండి. ఈ ఈ వస్తువులు ఈ ఈ కారణాలతో జప్తుకి రావు, ఆధారాలు ఇవి. రెండో 235, ఆ 110 ఏ నిబంధన కింద వేశారో చెప్పండి, లేకపోతే తీసెయ్యండి. నెలకి 130 కట్టగలను, నా ఆదాయం ఖర్చులు ఇవి. కంపెనీకి ఒకటి, కౌన్సిల్‌కి ఒకటి పంపాను. బెయిలిఫ్‌ని పంపింది కౌన్సిల్ కాబట్టి అతను చేసినదానికి కౌన్సిల్ కూడా జవాబు చెప్పాలి. అక్కడా తేలకపోతే ఓంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లొచ్చు.

జవాబు రాకముందే ఆయన మళ్లీ వచ్చాడు. శనివారం, ఎనిమిదిన్నర. ఈసారి నేనున్నాను. తలుపుకి లోపలి గొలుసు కూడా ఉంది, అయినా తియ్యలేదు. పైన బెడ్‌రూమ్ కిటికీ తెరిచి మాట్లాడాను. నా గొంతు వణికింది. పక్కింటావిడ చెత్త డబ్బా బయటికి లాగుతూ ఆగి చూసింది, వీధంతా నిలబడి చూశారు అన్న నాన్న మాట గుర్తొచ్చింది. ఫిర్యాదు ఇచ్చాను, తేదీ ఇది, కాపీ కింద వేస్తాను అన్నాను. "సంతకం ఉంది కదా" అన్నాడు. "ఆయన నా అప్పుకి సంబంధం లేని మనిషి. కెమెరాలో చూసుకోండి" అన్నాను. ఆయన ట్యాబులో ఏదో నొక్కి, కాసేపు వ్యాను దగ్గర నిలబడి, వెళ్లిపోయాడు.

నాన్న హాల్లో, కిందనించి కనబడకుండా గోడకి ఆనుకుని నిలబడ్డారు. వ్యాను చప్పుడు ఆగాక, "పాపం, చలిలో నిలబెట్టాం" అన్నారు.

దాదాపు ఐదు వారాలకి ఉత్తరం వచ్చింది. డ్రాయర్లోకి వెళ్లలేదు, గుమ్మంలోనే చించాను. అగ్రిమెంట్ రద్దు చేశారు. రెండో 235, 110 తీసేశారు. నాన్న సంగతికి "అసౌకర్యానికి చింతిస్తున్నాం" అని ఒక్క లైను. కెమెరా రికార్డింగ్ గురించి మాటే లేదు, నేనూ వెంటపడలేదు, ఒప్పుకుంటున్నాను. ఓపిక అయిపోయింది. కౌన్సిల్ 252 తగ్గించింది. ఫైలు వెనక్కి తీసుకోండి, మీకే నేరుగా కడతానంటే మాత్రం కౌన్సిల్ ఒప్పుకోలేదు. అలా 2,155 కాస్తా 1,558కి దిగింది. పదకొండు నెలలు 130, ఆఖరి నెల 128. 2025 మార్చిలో తీరింది.

ఈలోపు గ్రూపులో ఎలా తెలిసిందో తెలిసింది. ముగ్గురు విడివిడిగా మెసేజ్ పెట్టారు, ముగ్గురూ "మా ఫ్రెండ్ ఒకరికి" అనే మొదలుపెట్టారు. పేర్లు తీసేసి నా ఉత్తరం పంపాను, నాన్న ఎర్ర పెన్ను దిద్దుబాట్లతో సహా. అందులో ఒకావిడ ఫ్రెండు ఎవరో గాని, బ్లౌజు కొలతలు ఇవ్వడానికి వచ్చినప్పుడు బ్యాగులోంచి తెరవని కవర్లు ఆరు తీసి నా కుట్టు మిషన్ మీద పెట్టింది. కత్తెర దగ్గరే ఉంది. ఇద్దరం కూర్చుని ఒక్కొక్కటీ కత్తిరించాం.

నాన్న మళ్లీ ఈ డిసెంబర్‌లో వస్తున్నారు. మొన్న ఫోన్‌లో, తలుపుకి ఆ చిన్న అద్దం పెట్టించావా అని అడిగారు, బయట ఎవరున్నారో చూసేది. పెట్టించానన్నాను. ఎంత ఎత్తులో అన్నారు. నా ఎత్తుకి అన్నాను.

"నాకు అందదేమో, కొంచెం కిందకి పెట్టించు" అన్నారు.